గడులలోని లెక్క సభ్యులకును తెలియవలెను

మన సహకార సంఘములలో చిట్టా ఆవర్జాలకు మాఱుగా కంప్యూటరునందలి స్ప్రెడ్‌షీటు వాడుకలోనికి వచ్చుచున్నది. అది గుమాస్తాగారి పని, మాకేల యని రైతులనేకులు మాతో ననుచుందురు. ఈ యభిప్రాయము మాకు సమ్మతము కాదు. వ్రాయుట యాయన పనియే గాని, చదివి చూచుకొనుట సభ్యుని పని.

చూచుట కది గళ్ల కాగితము వంటిదే. నిలువు వరుసలకు పైన ఏ, బీ, సీ యను నాంగ్లాక్షరములును, అడ్డు వరుసలకు ఎడమ ప్రక్కన 1, 2, 3 అను నంకెలును గలవు. రెండు వరుసలు గలసిన చోటు గడి. సీ నిలువు వరుసయు, 7వ యడ్డు వరుసయు గలసిన గడి పేరు సీ7. సర్వే నంబరు చెప్పినంతనే పొలము తెలిసినట్లు, ఈ పేరుతో గడి తెలియును. 1979వ సంవత్సరమున అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారు విసికాల్క్ అను పేర దీనిని వెలువరించినప్పటి నుండియు నీ యమరిక మాఱలేదు. ఒక్కొక్క రైతునకు ఒక యడ్డు వరుసయు, పేరు, విస్తీర్ణము, బస్తాలు మొదలగు ఒక్కొక్క వివరమునకు ఒక నిలువు వరుసయు నుండవలెను.

గడిలోని సంఖ్య చేత వ్రాసినదైనను గావచ్చును, సూత్రము వలన వచ్చినదైనను గావచ్చును. కాగితముపై అచ్చు వేసినచో రెండును నొక్కటిగానే కనబడును. చిక్కంతయు నిచ్చటనే. గడిపై నొక్కి చూచిన, పైనున్న పట్టీలో సమాన చిహ్నముతో మొదలగు సూత్రము కనబడినచో నది లెక్కవలన వచ్చినది.

ఒక సంఘమున వేరుసెనగ విత్తనముల పట్టికలో 14 మంది రైతుల పేర్లు 2 మొదలు 15 వఱకు వరుసలలో నుండెను. మొత్తపు సూత్రము సీ2 మొదలు సీ15 వఱకే కూడుచుండెను. ఆలస్యముగా వచ్చిన మువ్వురి పేర్లు క్రింద చేర్చిరి గాని సూత్రమును సవరింపలేదు. ఆ మొత్తమునే నమ్మి యిండెంటు పంపిరి. బస్తాలు వచ్చిననాడు మువ్వురును వట్టి చేతులతో మరలిరి. అందొకడు పదును పోవునను దిగులుతో వడ్డీకి సొమ్ము దెచ్చి బజారున విత్తనములు కొనెను. గుమాస్తా మోసగాడు కాడు. మేమును ఆ పట్టికను ముందే చూచియు గమనింపమైతిమి.

మఱియొక సంగతి. గడిలో 5 అని మాత్రమే వ్రాయవలెను. 5 బస్తాలు అని వ్రాసినచో యంత్రము దానిని మాటగా నెంచి కూడికలో విడిచిపెట్టును. ప్రత్యేకముగా మార్చనిచో మాటలు గడిలో ఎడమకును, అంకెలు కుడికిని జేరి యుండును. కావున ఎడమకు జేరిన యంకెను అనుమానింపవలెను.

సర్వసభ్య సమావేశమున మొత్తపు గడిపై నొక్కి చూపుమని యడుగుట యవిశ్వాసము కాదు. ఆవర్జా తెఱచి చూపుమని మన పెద్దలడుగలేదా? వచ్చు ఖరీఫు విత్తనముల యిండెంటు పంపుటకు ముందు, ప్రతి గ్రామము నుండి యిద్దఱేని సంఘ కార్యాలయమునకు వచ్చి, గుమాస్తాగారి ప్రక్కన గంటసేపు కూర్చుండి తమ వరుసలు సరిచూచుకొనవలెనని మా కోరిక.