వేడి సంగతి మాకు చెప్పకండి

"ఎల్‌ఈడీ వేడెక్కదమ్మా" అంటే నమ్మాను. మావాడు సొంతంగా చేసిన 10 వాట్ల లైటును ప్లాస్టిక్ డబ్బా మూతకు అతికించి మీర్‌పేట్‌లోని మా వంటింట్లో పెట్టాడు. నెల తిరక్కుండానే మసకబారింది. "కొత్తది కొంటే పోయేది, నీకెందుకివన్నీ" అన్నారు ఈయన.

ఎందుకేమిటి? ఇరవై ఏళ్ళుగా పొయ్యి ముందు నిలబడేది నేను కదా! ఎల్‌ఈడీ వెలుగు చల్లనే, కానీ తిన్న కరెంటులో సగానికి పైగా వేడై వెనక్కి చేరుతుంది. ప్లాస్టిక్ దాన్ని కదలనివ్వదు, అల్యూమినియం లాగి గాలికి వదులుతుంది. స్టీలు గరిటె కన్నా అల్యూమినియం గరిటె పిడి ముందు చుర్రుమంటుందని మనకొకరు చెప్పాలా?

దీనికి ఫ్యాను వద్దు, ఖరీదైన హీట్ సింకూ వద్దు. కోఠి గుజరాతీ గల్లీలో వెతకండి. లేదా అల్యూమినియం కిటికీలు చేసేవాళ్ళను మిగిలిన ముక్క అడగండి. 10 వాట్లకు 30 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు ఉన్న మందపాటి రేకు, రెండువైపులా గాలి ఆడేలా నిలువుగా పెడితే చాలు. మధ్యలో థర్మల్ పేస్టు పల్చగా పూయాలి. కరెంటు మాత్రం 12 వోల్టుల అడాప్టర్ నుంచే.

అరగంట వెలిగించి, ఆర్పి, రేకు మీద వేలు పెట్టండి. ఐదు సెకన్లు ఆగలేకపోతే రేకు చిన్నదన్నమాట.

నెలకోటి కొని పారేయడం పొదుపా? మీరే చెప్పండి.