సముద్రానికి థర్మామీటరు పెడితే...

ఎస్. రాయవరం అనగానే చదువుకున్నవాళ్లకి గురజాడ అప్పారావుగారు గుర్తొస్తారు. 1862లో ఆయన పుట్టింది ఆ ఊళ్లోనే. ఊరి పేరు ముందున్న 'ఎస్' అంటే ఏమిటని అడిగితే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. అది సర్వసిద్ధి. ఆ దగ్గర్లోనే లక్కబొమ్మల ఏటికొప్పాక ఉంది. ఇంకాస్త తూర్పుకి వెళ్తే రేవుపోలవరం. ఆ తర్వాత ఇక ఊళ్లుండవు. బంగాళాఖాతమే.

ఆమధ్య బంధువుల ఇంట్లో పెళ్లికి వెళ్లి, భోజనాలయ్యాక నలుగురం కలిసి రేవుపోలవరం తీరానికి వెళ్లాం. పడవ నీడలో కూర్చుని ఓ పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. పక్కనే ఆయన మనవడు, చేతిలో సెల్‌ఫోను. మేం హైదరాబాద్ నుంచి వచ్చామని తెలిసి పెద్దాయన చేతిలో పని ఆపాడు.

''ఐతే మీరే సెప్పాల బాబూ. ఈడి పోనులోకి ఐద్రాబాదు నుంచి కబుర్లొస్తాయి. ఇటేపు ఇన్ని కిలోమీటర్లు ఎల్తే సేపలు దొరుకుతాయి, రేపు అలలు ఇంతెత్తు లేస్తాయి అనీసి. అక్కడ సముద్రం ఏటుంది? చెరువే కదా! నేను పుట్టిన కాడ్నించి ఈ నీటి మీదే ఉన్నాను. నాకు తెలవంది ఆళ్లకెలగ తెలుస్తాది?''

మా వాళ్లంతా నవ్వేశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే నాకూ సరిగ్గా తెలీదు. ఇంటికొచ్చాక తెలిసినవాళ్లని అడిగి, చదివి, తెలుసుకున్నది ఈ వారం మీ ముందు పెడుతున్నాను. పెద్దాయన అడిగింది చిన్న ప్రశ్నేం కాదు!

* * *

వేసవిలో పెరట్లో నీళ్ల గోలెంలో చెయ్యి పెట్టి చూశారా? పైన వేడిగా ఉంటుంది, మోచేతి దాకా ముంచితే చల్లగా తగులుతుంది. సముద్రమూ అంతే. బంగాళాఖాతంలో పైన నీరు 28, 29 డిగ్రీలుంటే, కిలోమీటరు లోతున ఆరేడు డిగ్రీలే ఉంటుంది. రెండు కిలోమీటర్ల కింద సుమారు మూడు డిగ్రీలు. అంటే మన ఫ్రిజ్‌లో మంచినీళ్ల సీసా కంటే చల్లన!

మరి అంత లోతున వేడి ఎంతుందో చూడ్డం ఎలా? మామూలు థర్మామీటరుకి తాడు కట్టి దించితే సరిపోతుందా? సరిపోదు. కింద మూడు డిగ్రీలు చూపించినా, పైకి లాగేటప్పుడు వెచ్చటి నీళ్లలోంచే రావాలి కదా. మన చేతికొచ్చేసరికి పాదరసం మళ్లీ 28కి ఎక్కి కూర్చుంటుంది.

దీనికి 1874లో లండన్‌లోని నెగ్రెట్టి అండ్ జాంబ్రా కంపెనీ ఓ ఉపాయం కనిపెట్టింది. అప్పటికి మన గురజాడకి పన్నెండేళ్లు. ఆ ఉపాయం ఏమిటంటే, లోతుకి వెళ్లాక థర్మామీటరే తలకిందులైపోతుంది! గొట్టంలో ఒకచోట సన్నటి నొక్కు ఉంటుంది. తలకిందులు కాగానే పాదరసం అక్కడ తెగిపోతుంది. ఇక పైన ఎంత వేడి తగిలినా ఆ అంకె చెదరదు.

తర్వాత నార్వేకి చెందిన ఫ్రిట్యోఫ్ నాన్సెన్ ఇదే పద్ధతికి నీటి సీసాని జోడించాడు. ఒకే తీగకి వరసగా సీసాలు కట్టి దింపుతారు. పైనుంచి ఓ ఇత్తడి దిమ్మని తీగ వెంబడి వదులుతారు. అది జారుకుంటూ వెళ్లి మొదటి సీసాని 'టక్'మని కొడుతుంది. సీసా తిరగబడి, రెండు మూతలూ పడిపోతాయి. లోపల ఆ లోతు నీరు, పక్కన థర్మామీటరులో ఆ లోతు వేడి బందీ అయిపోతాయి. ఆ సీసా కింద వేలాడే ఇంకో దిమ్మ ఊడి రెండో సీసా మీదికి ప్రయాణం కడుతుంది. ఇలా ఒకదాని తర్వాత ఒకటి! ఆ ఇత్తడి దిమ్మకి ఓడల మీద పెట్టిన పేరు 'మెసెంజర్'. పేరు బాగా కుదిరింది.

* * *

ఇదంతా ఎక్కడో తెల్లదొరల కథ అనుకునేరు. మన విశాఖపట్నంలోనూ ఓ అధ్యాయం ఉంది.

1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే శాస్త్రవేత్త ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చారు. మన దేశంలో సముద్రాన్ని చదువుగా చెప్పేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేని రోజులవి. ఆయన ఇక్కడి విద్యార్థుల్ని వెంటబెట్టుకుని భారత నౌకాదళం ఓడలెక్కి బంగాళాఖాతాన్ని కొలవడం మొదలుపెట్టారు. ఆ ఫలితాలతో యూనివర్సిటీ 1954లో ఏకంగా ఓ సంపుటమే అచ్చేసింది.

వాళ్లు తేల్చిన సంగతుల్లో ఒకటి మన జాలర్లకి నేరుగా పనికొచ్చేది. మార్చి నుంచి ఎండాకాలమంతా మన కోస్తాలో గాలి తీరం వెంబడే నైరుతి నుంచి వీస్తుంది. భూమి తిరుగుడు వల్ల పైనీరు ఆ గాలికి కుడివైపుకి, అంటే ఒడ్డు నుంచి లోపలికి జరుగుతుంది. ఖాళీ అయిన చోటుకి కింద నుంచి చల్లటి నీరు ఉబికి వస్తుంది. అందులో ఎరువుల్లాంటి పోషకాలుంటాయి. వాటితో కంటికి కనపడని నాచు పెరుగుతుంది. నాచు కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు! చలికాలానికి ముందు గాలి మళ్లితే కథ తిరగబడి పైనీరు ఒడ్డున పోగుపడి కిందికి దిగుతుంది. ఎండాకాలంలో ఒడ్డు దగ్గర నీళ్లు ఉన్నట్టుండి చల్లబడితే అదీ కారణం.

సముద్రపు అడుగున తూర్పుతీరం వాలులో పెద్ద లోయల్ని కూడా వాళ్లు గుర్తించారు. వాటిలో ఒకదానికి 'ఆంధ్రా' అనీ, ఇంకోదానికి యూనివర్సిటీ జియాలజీ ప్రొఫెసర్ పేరు మీద 'మహదేవన్' అనీ పేర్లు పెట్టారు. మన పేర్లు నీళ్లకింద కూడా ఉన్నాయన్నమాట!

* * *

ఇత్తడి దిమ్మల కాలం పోయింది. ఇప్పుడు పరిశోధన ఓడల మీద వాడేది 'సీటీడీ'. సి అంటే నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే కండక్టివిటీ, టి అంటే టెంపరేచర్, డి అంటే డెప్త్, లోతు. ఉప్పు ఎక్కువుంటే కరెంటు తేలిగ్గా పారుతుంది. నీరు వేడిగా ఉన్నా అంతే. అందుకని వేడిని కొలిచి, దాని వాటా తీసేస్తే ఉప్పు ఎంతో తేలుతుంది. లోతుని ఒత్తిడిని బట్టి లెక్కకడతారు. సెకనుకి ఇరవై నాలుగుసార్లు కొలిచే పరికరాలున్నాయి. డిగ్రీలో వెయ్యోవంతు తేడా కూడా పట్టేస్తాయి. చుట్టూ గుండ్రంగా పేర్చిన సీసాలు, పైనుంచి మీట నొక్కితే కావలసిన లోతులో మూత పడిపోతాయి.

ఉప్పు గొడవ మనకెందుకు అనుకోకండి. మహాసముద్రాల్లో కిలో నీటికి సగటున 35 గ్రాముల ఉప్పుంటుంది. బంగాళాఖాతం దారి వేరు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి... ఇన్ని నదులు తెచ్చి పోసే మంచినీరు తేలిగ్గా పైన పరుచుకుంటుంది. ఉత్తరాన వానల తర్వాత 30 గ్రాముల కంటే తగ్గిపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో ఆ నీరే మన తీరం వెంబడి దక్షిణానికి జారుతుంది.

ఆ నెలలు ఏవో గమనించారా? మన తుపాన్ల నెలలు.

తుపాను వేడి నీళ్ల మీద బతుకుతుంది. తన గాలితో సముద్రాన్ని చిలికి కింది చల్లనీరు పైకి వచ్చేలా చేసుకుంటే దాని పొయ్యి అదే ఆర్పుకున్నట్టు. కానీ వేడినీటి పొర మందంగా ఉన్నా, పైన తేలికైన మంచినీరు మూతలా పరుచుకున్నా ఎంత చిలికినా చల్లనీరు పైకి రాదు. తుపానుకి కట్టెలు అందుతూనే ఉంటాయి. ఉపగ్రహం పైనుంచి చూసి నీటి చర్మం ఎంత వెచ్చగా ఉందో చెప్పగలదు. ఆ వెచ్చదనం కింద పది మీటర్లుందా, ఎనభై మీటర్లుందా అన్నది దానికి సరిగా కనపడదు. అది తెలియాలంటే ఎవరో ఒకరు నీళ్లలోకి దిగాల్సిందే!

* * *

దిగేవాళ్లున్నారు. వాళ్ల పేరు ఆర్గో. నిలువుగా గొట్టంలా, మనిషి నడుము కంటే కాస్త ఎత్తు, నెత్తిన ఓ యాంటెన్నా. ఏటికొప్పాకలో పెద్ద సైజు లక్కబొమ్మ చేసి నిలబెడితే అలాగే ఉంటుందేమో! సముద్రంలో వదిలితే వెయ్యి మీటర్ల లోతుకి దిగి, ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు తొమ్మిది రోజులు తిరుగుతుంది. తర్వాత రెండు వేల మీటర్లకి దిగుతుంది. అక్కడ మన బొటనవేలి గోరంత చోటు మీద రెండు క్వింటాళ్ల బరువుంటుంది! అక్కణ్నించి పైకి వస్తూ దారిపొడవునా వేడి, ఉప్పు కొలుస్తుంది. పైకొచ్చి ఉపగ్రహానికి లెక్కలు అప్పజెప్పి మళ్లీ మునుగుతుంది. పది రోజులకోసారి ఇదే పని, నాలుగైదేళ్లపాటు. ముందుకి నడిపే మోటారు లేదు, రెక్కలు లేవు. లోపలున్న నూనెని బయటి సంచిలోకి పంపితే ఒళ్లు ఉబ్బి తేలుతుంది, వెనక్కి లాక్కుంటే మునుగుతుంది.

1872లో బయల్దేరిన బ్రిటిష్ ఓడ ఛాలెంజర్ ప్రపంచమంతా చుట్టి మూడున్నరేళ్లలో 362 చోట్ల సముద్రాన్ని పరిశీలించింది. ఇప్పుడు ప్రపంచ సముద్రాల్లో ఉన్న దాదాపు నాలుగు వేల ఆర్గోలు ఒక్కరోజులో ఇంచుమించు నాలుగొందల చోట్ల కొలిచి పెడుతున్నాయి.

మన దేశం 2002 నుంచి ఇందులో ఉంది. హిందూ మహాసముద్రం లెక్కలన్నీ వచ్చి చేరే చోటు హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్. 1999లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. చేపల కబుర్లూ, అలల కబుర్లూ మన జాలర్లకి తెలుగులో పంపేది వాళ్లే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చాక, 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టిందీ అక్కడే. పెద్దాయన ప్రశ్నకి జవాబు దొరికింది కదా. హైదరాబాద్‌లో సముద్రం లేదు, సముద్రం ఉత్తరాలు రాసే చిరునామా ఉంది.

* * *

మళ్లీ వెళ్లినప్పుడు ఇదంతా పెద్దాయనకి చెప్పాను. వల పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు. ''రెండు వేల మీటర్లంటే వెయ్యి బారలు దాటిపోద్ది బాబూ. మా ఏట అంత లోతున కాదే. అక్కడ కొలిస్తే మా ఒడ్డు కాడ నీరు ఎలగుందో ఎలగ తెలుస్తాది?'' అన్నాడు.

నిజమే! ఆర్గోలు లోతు నీళ్ల జీవులు. తీరం దగ్గర పనికి లంగరేసిన తేలుడు పరికరాలుంటాయి. అలల ఎత్తు కొలిచేది ఒకటి విశాఖ దగ్గర్లో కూడా ఉంది. నడిసముద్రంలో ఇంకా పెద్దవి, గాలినీ, లోపలి నీటినీ కొలిచేవి ఉంటాయి. ఆ మాట వినగానే మనవడు అందుకున్నాడు.

''పసుప్పచ్చ డబ్బాలే కదా సార్! అవి కనిపిస్తే మావోళ్లకి పండగే. నీడకి చేపలు చేరతాయి. పడవ దానికే కట్టేసి వలేస్తారు. కొందరైతే పైనున్న సామాన్లు కూడా...'' అని తాత వంక చూసి ఆగిపోయాడు.

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను ఒకటే అడిగాడు. ''ఉద్‌ఉద్ తుపానుకి ముందు మమ్మల్ని ఒడ్డునే ఆపేసినారు. ఆ కబురు ఈ డబ్బాలే సెప్పినాయా?''

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని ఎలా ఊడ్చేసిందో ఆ తీరంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఉపగ్రహాలు, రాడార్లు, కంప్యూటర్లు అన్నీ కలిస్తేనే హెచ్చరిక తయారవుతుంది, సముద్రంలోంచి వచ్చే అంకెలు అందులో ఒక భాగం అని చెప్పాను. 1977లో దివిసీమ ఉప్పెనకి సుమారు పదివేల ప్రాణాలు పోయాయి. అప్పటికి నడి బంగాళాఖాతంలో నిలబడి కబురు చెప్పే పరికరం ఒక్కటీ లేదని కూడా చెప్పాను.

''విన్నావా?'' అన్నాడు పెద్దాయన మనవడితో. ''మన ఊరి కుర్రోళ్లందరికీ సెప్పు. దానికి పడవ కడితే మన మెడకి తాడు కట్టుకున్నట్టే.''

నేను పేజీలకి పేజీలు చదివి తెలుసుకున్నదాన్ని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

అన్నట్టు, మీలో తీరం దగ్గర ఉండేవాళ్లకి ఓ మాట. కాలం చెల్లిన పరికరాలు ఒక్కోసారి ఒడ్డుకి కొట్టుకొస్తాయి. బాంబేమోనని భయపడక్కర్లేదు, పాత సామానని పగలగొట్టనూ వద్దు. లోపల లిథియం బ్యాటరీలుంటాయి, ప్రమాదం. పిల్లల్ని దగ్గరికి పోనివ్వకుండా పోలీసులకి చెప్పండి. వాళ్లు చేర్చాల్సిన చోటుకి చేరుస్తారు.