నేరస్థుల మధ్య చదువు

ప్రశ్న: సైకాలజీతో బి.ఏ. అయింది. ఫోరెన్సిక్ సైకాలజీలో ఎం.ఎస్సీ. చేయాలని ఉంది. నేరస్థుల మధ్య తిరిగితే మతి చలిస్తుందని అమ్మ వద్దంటోంది. నెలరోజులుగా నాకు నిద్ర లేదు.
— ఒక సోదరి, మడకశిర

జవాబు: మతి చలించడం అంటువ్యాధి కాదు. అయితే అమ్మగారి భయం కొట్టిపారేయదగ్గదీ కాదు. రోజూ ఘోరాలు వినేవారికి పీడకలలు రావచ్చు, నిద్ర చెడవచ్చు. అందుకే అనుభవజ్ఞుల పర్యవేక్షణ ఉన్నచోటే చేరండి. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయంలో ఇది రెండేళ్ల చదువు, ప్రవేశపరీక్ష రాయాలి. సినిమాల్లోలా నిజం కక్కించడమే పని అనుకోకండి. నిందితుడి సమ్మతి లేనిదే నార్కో పరీక్ష చేయరాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది.

మీ నిద్రలేమికి దిగులే కారణం కావచ్చు. సొంతంగా నిద్రమాత్రలు వాడకండి. సాయంత్రం కాఫీ మానండి. తగ్గకుంటే డాక్టరుకు చూపించుకోండి. ప్రభుత్వ టెలిమానస్ 14416కు ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.