కానుక పైకి వెళ్లింది, లెక్క ఎటు వెళ్లింది?

1523లో జర్మనీలోని లైస్నిగ్ అనే చిన్న పట్టణపు చర్చి సంఘం తన సొమ్మంతా ఒకే పెట్టెలో ఉంచాలని తీర్మానించుకుంది. ఆ పెట్టెకు నాలుగు తాళాలు. ఒక తాళంచెవి ప్రభువర్గం దగ్గర, ఒకటి పట్టణ పాలక మండలి దగ్గర, ఒకటి పట్టణ జనం దగ్గర, నాలుగోది చుట్టుపక్కల పల్లెల రైతుల దగ్గర. నాలుగు చేతులూ కలిస్తే తప్ప పెట్టె తెరుచుకోదు. కాపరి జీతం, బడి ఖర్చు, గుడి మరమ్మతు, ముసలివాళ్ల తిండి, అనాథల పోషణ అన్నీ అందులోంచే. ఎన్నికైన పదిమంది నిర్వాహకులు ఏడాదికి మూడుసార్లు సంఘమంతటినీ కూర్చోబెట్టి లెక్క చదివి వినిపించాలి. ఆ నిబంధనలకు ముందుమాట రాసి అచ్చు వేయించింది మార్టిన్ లూథరే. ఆయన రాసిన చిన్న ప్రశ్నోత్తరిని మన పిల్లల చేత తరతరాలుగా కంఠస్థం చేయించాం. ఆ పెట్టె సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేదు.

చెప్పవలసిన అవసరం ఇప్పుడు బాగా ఉంది. ఆంధ్రా ఇవాంజెలికల్ లూథరన్ చర్చికి, అంటే మనం ఏఈఎల్‌సీ అని పిలుచుకునే సంఘానికి, 1927 నుంచి సొంత పాలన ఉంది. అంతకు ముందు కథ 1842 జూలై 31న ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ గుంటూరు చేరడంతో మొదలైంది. ఆయన్ని పంపింది అమెరికాలో పెన్సిల్వేనియాలోని లూథరన్ సంఘాలు. డబ్బు అక్కడి నుంచి వచ్చేది కాబట్టి ఏ బడికి ఎంత, ఏ ఆసుపత్రికి ఎంత అన్న లెక్క కూడా అక్కడికే వెళ్లేది. తరవాతి కాలంలో మిషన్ బోర్డు కార్యాలయం అమెరికాలోనే బాల్టిమోరులో ఉండేది. గుంటూరు మిషన్ లెక్క బాల్టిమోరుకు తెలిసేది, రేపల్లె దగ్గరి పల్లెలో గుడిసె గుడిలో కూర్చున్న విశ్వాసికి తెలిసేది కాదు. 1944లో ఇ. ప్రకాశం మొదటి భారతీయ అధ్యక్షుడయ్యారు. కుర్చీ మన చేతికొచ్చింది. లెక్క వెళ్లే దారి మాత్రం మారలేదు.

విదేశీ సొమ్ము మీదే బతికే సంఘం ఎంత నిస్సహాయంగా మిగులుతుందో మన చరిత్రలోనే ఉంది. 1869లో రాజమండ్రి క్షేత్రాన్ని నడపడానికి అమెరికా లూథరన్ల దగ్గర మనుషులూ లేరు, డబ్బూ చాలలేదు. దాన్ని ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించడానికి మాటలు నడిచాయి. అక్కడి రెడింగ్ పట్టణంలో జరిగిన సభలో, డెబ్బై అయిదేళ్లు పైబడ్డ హయ్యర్ లేచి నేను వెళ్తానన్నారు, మళ్లీ ఓడెక్కారు. గోదావరి ఒడ్డున లూథరన్ సంఘం నిలిచిందంటే ఆ వృద్ధుడి పట్టుదల వల్లే. అయినా నన్ను వేధించేది ఒకటుంది: ఇక్కడి విశ్వాసులు ఏ సంఘంలో ఉండాలో సముద్రం అవతల, వాళ్లెవరూ లేని సభలో తేలింది.

ఇప్పుడు విదేశీ నిధుల దారి ఇరుకైంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తరవాత, వచ్చిన సొమ్మును ఒక సంస్థ మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే పడాలి. దాని మీద ప్రతి ఏటా కేంద్ర హోం శాఖకు లెక్క సమర్పించాలి. ఒకప్పుడు బాల్టిమోరు, ఇప్పుడు ఢిల్లీ. కానుకల సంచిలో పది రూపాయలు వేసిన కూలీ తల్లికి లెక్క చెప్పమనే నిర్బంధం మాత్రం ఎక్కడా లేదు.

అసలు చిక్కు విదేశీ నిధులు తగ్గడంలో లేదని నా అభిప్రాయం. మిషనరీలు వదిలి వెళ్లిన కాంపౌండ్లు పట్టణాల నడిబొడ్డున ఉన్నాయి. ఒకప్పటి ఊరి చివరి ఖాళీ జాగా ఇవాళ గజం లక్షల్లో పలికే చోటు. పై సంస్థ బతుకు కానుకల మీద ఆధారపడితే, పల్లె సంఘాన్ని ఒప్పించక తప్పదు. అద్దెలు, లీజుల మీద ఆధారపడితే ఆ అవసరం తీరిపోతుంది. అప్పుడు పదవికి విలువ సేవ వల్ల రాదు, సంతకం వల్ల వస్తుంది. నాయకత్వ ఎన్నికల మీద, ఆస్తుల మీద తగాదాలు పదేపదే కోర్టు మెట్లెక్కడానికి మూలం ఇక్కడే ఉందని నమ్ముతున్నాను. కోర్టు ఎన్నిక జరిపించగలదు, లీజు ఆపగలదు. ఇచ్చేవాడికీ ఖర్చుపెట్టేవాడికీ మధ్య నమ్మకాన్ని మాత్రం తీర్పుతో పుట్టించలేదు.

బయటి అనుభవమూ ఇదే చెబుతోంది. జర్మనీలో చర్చి పన్నును ప్రభుత్వమే వసూలు చేసి పెడుతుంది. బవేరియా, బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రాల్లో ఆదాయపు పన్ను మీద 8 శాతం, మిగతా చోట్ల 9 శాతం. డబ్బుకు లోటు లేదు. కానీ పన్ను తప్పించుకోవాలంటే సభ్యత్వం వదులుకోవడమే దారి, ఏటా లక్షల మంది అదే చేస్తున్నారు. అమెరికాలో 1988లో ఏర్పడ్డ ఇవాంజెలికల్ లూథరన్ చర్చి పద్ధతి వేరు. ప్రతి సంఘం తన కానుకల్లో ఎంత వాటా పంపాలో తానే నిర్ణయించుకుని సినడ్‌కు, అంటే పై ప్రాంతీయ సంస్థకు, పంపుతుంది, సినడ్ అందులో కొంత షికాగో కార్యాలయానికి పంపుతుంది. 2009లో స్వలింగ సంబంధాల్లో ఉన్నవారిని పాస్టర్లుగా అనుమతించే నిర్ణయం వెలువడ్డాక వందల సంఘాలు బయటికి నడిచాయి, వాటాలు పడిపోయాయి, ప్రధాన కార్యాలయంలో ఉద్యోగాలు పోయాయి. ఆ నిర్ణయం మంచిచెడ్డలు ఇక్కడి విషయం కాదు. అక్కడ కింది సంఘం చెయ్యి ముడిస్తే పైవాళ్లకు తగులుతుంది. ఇక్కడ తగలదు.

అందుకే మనవాళ్లు మరో దారి పట్టారు. డాలస్‌లోనో దుబాయ్‌లోనో స్థిరపడ్డ కుటుంబం సొంతూరి గుడికి శ్లాబు వేయించడానికి డబ్బు నేరుగా పంపుతుంది. సినడ్‌కు చెప్పదు, చెప్పాలనీ అనుకోదు. వాళ్లను తప్పుపట్టలేను. కళ్లెదుట గోడ లేస్తే ఇచ్చిన రూపాయి కనబడుతుంది. అయితే విదేశంలో కొడుకులు లేని పల్లె సంగతేమిటి? పదవీ విరమణ చేసిన పాస్టరు పింఛను, పాస్టరు పోయాక ఇల్లు ఖాళీ చేయాల్సిన ఆయన భార్య బతుకు, సెమినరీలో చదివే కుర్రాడి భోజనం, వీటి మీద ఎవరి పేరుతోనూ రాతిఫలకం ఉండదు. ఇవన్నీ ఉమ్మడి పెట్టె పనులు. ఆ పెట్టెను నమ్మలేక అందరూ పక్కదారిన ఇస్తుంటే మొదట ఆకలితో ఉండేది వీళ్లే.

ఇచ్చే గుణం మనకు కొత్తగా నేర్పనక్కర్లేదు. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి పక్క కుండలో వేసేది, ఆదివారం అవి గుడికి వెళ్లేవి. కోత పండుగనాడు ఒక్క గుమ్మడికాయను ముగ్గురు నలుగురు వేలం పాడి పాడి, సంతలో రేటుకు ఎన్నో రెట్లు పెంచేవాళ్లు. పాడినవాళ్లలో చాలామంది దినకూలీలు, దళితులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులమని చెప్పుకున్నందుకు ఎస్సీ హోదా పోగొట్టుకున్నవాళ్లు. ఈ విశ్వాసానికి వాళ్లు చెల్లించిన వెల ఏ రసీదులోనూ లేదు. అలాంటివాళ్ల రూపాయి గురించి అడిగితే అవిధేయత అనిపించుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. పౌలు యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసినప్పుడు దాన్ని ఒంటరిగా మోసుకెళ్లలేదు, సంఘాలు ఎంచిన మనుషుల్ని వెంట తీసుకెళ్లాడు. మన బైబిల్లో గృహనిర్వాహకుడనే మాట వాడింది యజమాని గురించి కాదు, లెక్క అప్పగించవలసినవాడి గురించి.

కింది సంఘాలు కడిగిన ముత్యాలని అనను. నాలుగు కుటుంబాలే పెద్దరికం చేసే సంఘాలు, పుస్తకం కోశాధికారి ఇంటి బీరువా దాటని సంఘాలు నాకు తెలుసు. పైవాళ్లను లెక్క అడిగే సంఘం ముందు తన లెక్క గుడి గోడకు అంటించాలి.

చేయవలసింది పెద్దదేమీ కాదు. ప్రతి కాంపౌండు, ప్రతి లీజు, గడువు, నెల అద్దె తెలుగులో అచ్చయి ప్రతి పారిష్‌కూ అందాలి. అద్దెల్లో ఒక స్థిరమైన భాగాన్ని పాస్టర్ల పింఛనుకు కట్టిపెట్టి, ఆ ఖాతాను పదవుల్లో ఉన్నవాళ్లు ముట్టకుండా చూడాలి. సంఘం సినడ్‌కు పంపే వాటా ఎంతో మహాసభలో పల్లె ప్రతినిధులే చర్చించి తేల్చాలి, ఆ ప్రతినిధుల్లో స్త్రీలు పేరుకు మాత్రమే ఉండకూడదు. లైస్నిగ్‌లో కాగితం ఎంత బాగున్నా పట్టణ పాలక మండలి ఆస్తులు అప్పగించనంది, లూథర్ ఆ ప్రాంతపు పాలకుడైన ఎలెక్టర్‌కు మొరపెట్టుకోవలసి వచ్చింది. మన దగ్గరా తాళంచెవులు వాటంతట అవే రావు.

వచ్చే జూలై 31న హయ్యర్ రాకను తలుచుకునే ఆరాధనలో ఒక్క కాగితం పంచండి. మొదటి వరుసలో అద్దెలుగా ఎంత వచ్చిందో, రెండో వరుసలో ఎంతమంది పాస్టర్ల భార్యలకు పింఛను ఎన్నాళ్లుగా బాకీ ఉందో రాయండి. చదువు రానివాళ్ల కోసం దాన్ని ప్రసంగ వేదిక మీద నుంచి పైకి చదివి, ప్రశ్నలు అడగడానికి అరగంట ఉంచండి.