కూర్చునే హక్కు

హైదరాబాద్‌లో అమీర్‌పేట, కూకట్‌పల్లి, కోఠి. ఏ బట్టల షోరూముకు వెళ్లినా చీరలు పరిచి చూపించే అమ్మాయిలు కనిపిస్తారు, వాళ్లకంటూ ఒక కుర్చీ కనిపించడం మాత్రం అరుదు. కొనేవాళ్లకు మెత్తటి పరుపులు, చల్లటి మంచినీళ్లు. చూపించేవాళ్లది షట్టర్ దించేదాకా నిలువుకాళ్ల ఉద్యోగం. సాయంత్రానికి పాదాలు వాస్తాయి. పిక్కల్లో నరాలు ఉబ్బుతాయి. బాత్రూముకు వెళ్లాల్సొస్తుందని నీళ్లు తాగడమే మానేసేవాళ్లున్నారు. నెలసరి రోజుల్లో ఆ నిలబడటం ఎలా ఉంటుందో ఆడవాళ్లకు వేరే చెప్పాలా?

కేరళలో కోళికోడ్ మిఠాయి వీధిలో సేల్స్ మహిళలు పి. విజి ముందుండగా ఈ కుర్చీ కోసమే పోరాడారు. కూర్చునే హక్కు ఇస్తూ 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించింది, 2021లో తమిళనాడు కూడా. చెన్నై టి.నగర్‌లోని పెద్ద పెద్ద షాపులకూ తమిళనాడు సవరణ వర్తిస్తుంది.

ఇక మన దగ్గరికొస్తే, 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. బస్తీల నుంచి పనికి రావడం తేలికైంది. అది మంచి నిర్ణయమని మేం గట్టిగా నమ్ముతున్నాం. పనిచేసే చోటి సంగతీ ఇప్పుడు పట్టించుకోవాలి. ఈ సంచికలో సేల్స్ అమ్మాయిల మాటలకే ఎక్కువ పేజీలిచ్చాం. కార్మిక శాఖ అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు రిజిస్టర్లతో పాటు కుర్చీలూ చూడాలని కోరుతున్నాం.