తాళం వేసిన ఇల్లు ఎవరి పరువు?

"తాతల నాటి ఇల్లు, అమ్మితే ఊళ్ళో పరువేం కావాలి?" - ఆఫీసులో లంచ్ దగ్గర నెలకోసారైనా ఈ డైలాగు వింటుంటాను. అనే మహానుభావుడు ఆ ఇంట్లో పడుకుని పదేళ్ళు దాటి ఉంటుంది. దూలాలకి చెదలు, గోడలో రావిమొక్క, వానాకాలం వస్తే పక్కింటివాళ్ళకి గుండెదడ. అయినా అమ్మరట. సెంటిమెంటట!

సెంటిమెంటే అయితే బాగు చేయించరేం బాబూ? పెంకు నేయించడానికి చెయ్యి రాదు, అమ్మడానికి మనసు రాదు. దీన్ని ప్రేమ అనరు, బద్ధకం అంటారు.

"రేటు పెరుగుతుంది కదా" అనేది రెండో వాదన. పెరిగేది స్థలం రేటు, కూలేది ఇల్లు. వాటితో పాటు ఇంకోటి కూడా పెరుగుతుంది.. సంతకాల సంఖ్య. మా తాతగారు 1998లో వీలునామా రాయకుండా పోయారు. అప్పుడు నలుగురు సంతకం పెడితే సరిపోయేది. ఆ నలుగురిలో ఇద్దరు పోయారు, ఇవాళ పదకొండు మంది కావాలి. నాదీ అందులో ఒకటి. ఒకడు డల్లాస్‌లో, ఇంకొకడు మెల్‌బోర్న్‌లో. "జీపీఏ మీద కానిచ్చేద్దాం" అంటాడొక బావ. ఉత్త జీపీఏ అమ్మకంతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. మన తరపున ఇంకొకరు సంతకం పెట్టడానికి పవరాఫ్ అటార్నీ ఇవ్వొచ్చు, కానీ రిజిస్టర్డ్ దస్తావేజు తప్పదు.

అసలు విషయానికొస్తా. చాలా ఇళ్ళలో "అమ్మం" అన్న మాటకి అర్థం "ఆడపిల్లకి వాటా ఇవ్వం" అని. తండ్రి స్వార్జితంలో కూతురికి సమాన వాటా 1956 నుంచీ ఉంది. కానీ అదే చట్టంలో 23వ సెక్షనని ఒకటుండేది: కుటుంబం కాపురముంటున్న ఇల్లయితే, మగవాళ్ళు పంచుకోవాలనుకునే దాకా ఆడపిల్ల పంపకం అడగకూడదు. 2005లో దాన్ని ఎత్తేశారు. చట్టంలోంచి పోయింది, మన బుర్రల్లోంచి పోలేదు!

మా మేనత్తకి డెబ్భై దాటాయి. అద్దె ఇంట్లో ఉంటుంది. ఆవిడ నాలుగోవంతు ఆ తాళం వెనకాల చెదలు తింటోంది. అడిగితే "ఆడబడుచుకి ఆశెక్కువ" అంటారు. పుట్టింటి జ్ఞాపకమంటూ మనం దాస్తున్నది ఆవిడ మందుల డబ్బులు.

కాబట్టి, రంగులేయించి రేటు పెంచే ప్లాన్లు వద్దు. కొనేవాడు ఎలాగూ పడగొట్టి కట్టుకుంటాడు. ఉన్నదున్నట్టు, స్థలం ధరకే అమ్మండి. ఈసీ తీయించండి, ఇంటిపన్ను ఎవరి పేరున ఉందో చూడండి, వారసుల సర్టిఫికెట్ తెచ్చుకోండి. గ్రామకంఠమైతే పాత కాగితాలు దొరక్కపోవచ్చు, హద్దులు తెలిసిన పెద్దవాళ్ళు ఉండగానే కొలిపించండి. ఆస్తి 2001 ఏప్రిల్ 1కి ముందుదైతే, ఆనాటి మార్కెట్ విలువని (రిజిస్ట్రేషన్ విలువ మించకుండా) కొన్న ఖరీదుగా చూపించుకోవచ్చు. దాంతో పన్ను తగ్గుతుంది.

నన్ను పరువు తక్కువ మనిషనుకున్నా పర్లేదు. కానీ ఈసారి ఊరెళ్ళినప్పుడు ముందు మీ మేనత్త ఇంటికెళ్ళి, అద్దె ఎంత కడుతోందో అడగండి.