ఖర్చు పిల్లలది, షరతు కంపెనీది

చిన్న విమాన కంపెనీల సాహెబులు ఎక్కడ మైకు దొరికినా ఒకటే షికాయత్ చేస్తారు. "మేం తాలీమ్ ఇచ్చి పైలట్లను తయారుచేస్తాం. రెక్కలు రాగానే పెద్ద కంపెనీకి ఎగిరిపోతారు. బేవఫాలు!" ఈ మాట వింటే నాకు కడుపు మండుతుంది. ఆ తాలీమ్ ఎవరి పైసలతో జరిగిందో ఒకసారి హిసాబ్ చూద్దాం జనాబ్.

మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడపాలి. ఆ పైన నావిగేషన్, వాతావరణం, నిబంధనలు, టెక్నికల్, రేడియో పరీక్షలు. ఖర్చు యాభై లక్షల చుట్టూ తిరుగుతుంది. అందులో ఏ కంపెనీ ఎంత పెట్టింది? అబ్బా ప్లాటు అమ్మాడు, అమ్మీ నగలు బ్యాంకులో పడ్డాయి. లైసెన్సు చేతికొచ్చినా నౌకరీ రాదు. ఏటీఆర్ 72 నడపాలంటే దానికి విడిగా టైప్ రేటింగ్ చేయాలి. అదీ చాలాచోట్ల పిల్లల జేబులోంచే. పాతబస్తీ బేకరీ కార్మికుడి బిడ్డ సయ్యదా సల్వా ఫాతిమా పైలట్ అయిందని మనమంతా ఫఖర్‌గా చెప్పుకుంటాం. లైసెన్సు తర్వాతి ట్రైనింగ్‌కి ఆమెకు రాష్ట్ర సర్కారు మదద్ చేయాల్సి వచ్చిందన్న సంగతి మాత్రం మరిచిపోతాం. అందరికీ సర్కారు దొరకదు.

సెలక్షన్ అయ్యాక ఇంకో తమాషా. మా మొహల్లా కుర్రాడొకడికి ఒక కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చింది, క్లాసు తేదీ ఇవ్వలేదు. బ్యాచ్ ఎప్పుడని అడిగితే "త్వరలో". ఆ త్వరలోనే పదకొండు నెలలు కరిగిపోయాయి. క్లాస్ 1 మెడికల్ ఏడాదికోసారి, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏడాదికోసారి, అన్నీ వాడి ఖర్చే. బ్యాంకు కిస్తీ మాత్రం ఎవరి కోసమూ ఇంతెజార్ చేయదు.

బయటివాళ్లకు ఇది మామూలు ఆలస్యంలా కనిపిస్తుంది. కాదు భాయ్. పైలట్ల దునియాలో సీనియారిటీ నంబరే తఖ్‌దీర్. ఎవరు ముందు కెప్టెన్ అవుతారు, ఎవరికి ఏ ఊళ్లో బేస్, ఈద్‌కి ఇంట్లో ఎవరుంటారు, అన్నీ దాన్నిబట్టే. 1500 గంటలు నిండి ఏటీపీఎల్ వచ్చినా ఎడమ సీటు ఖాళీ ఉండాలి, నేర్పే ట్రైనింగ్ కెప్టెన్‌కి తీరిక ఉండాలి. రెండు నెలలు వెనక చేరినవాడు ఆ కంపెనీలో ఉన్నన్నాళ్లూ ముందు బ్యాచ్ వీపు చూస్తూ నడవాలి. మరి ఎవరి బ్యాచ్ ముందు, ఎవరిది వెనక అన్నది ఎవరి సిఫారిష్‌తో తేలుతుందో అడిగే హక్కు ఎవరికుంది?

ఇంత చేసి వదిలిపెడతారా? 2017లో డీజీసీఏ నోటీసు గడువు పెంచింది. కెప్టెన్‌కి ఏడాది, కో-పైలట్‌కి ఆరు నెలలు. కంపెనీల వాదనలో కొంత నిజం ఉంది. కెప్టెన్ రాత్రికి రాత్రి తయారు కాడు, ఫ్లైట్ రద్దయితే ఏడ్చేది ప్యాసింజరే. ఒప్పుకుంటాను. మరి కంపెనీ మూతపడేటప్పుడు పైలట్‌కి ఏడాది ముందు ఎవరు చెబుతారు? 2017 ఏప్రిల్ 27న ఉడాన్ మొదలైన రోజు కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ మధ్య ట్రూజెట్ ఏటీఆర్‌లు ఎగిరాయి. మన హైదరాబాద్ కంపెనీయే. 2022లో ఆగిపోయింది. ఏటీఆర్ రేటింగ్ చేతిలో పెట్టుకున్నవాడు ఎక్కడికి పోవాలి? అలయన్స్ ఎయిర్, ఇండిగో ఏటీఆర్‌లు, 2024లో వచ్చిన ఫ్లై91... లెక్కకు ఒక చేతి వేళ్లు చాలు. జెట్ కావాలంటే మళ్లీ రేటింగ్, మళ్లీ కర్జా.

అమెరికా చిన్న కంపెనీలూ ఒకప్పుడు ఇంతే కంజూసు. 2009లో బఫెలో దగ్గర కోల్గన్ విమానం కూలి 50 మంది చనిపోయారు. కో-పైలట్ తన్‌ఖా ఎంత తక్కువో, డ్యూటీకి ముందు రాత్రంతా దేశం ఆ చివర నుంచి ఈ చివరకు ఎలా ప్రయాణించి వచ్చిందో అప్పుడు బయటపడింది. 2022లో పైలట్లు దొరక్క అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి చిన్న కంపెనీలే కొత్త కో-పైలట్‌కి గంటకు దాదాపు 90 డాలర్లు ఇచ్చాయి. అక్కడ చిన్న కంపెనీ నుంచి పెద్దదానికి వెళ్లే దారి ముందే రాసిపెట్టి ఉంటుంది, దాన్ని 'ఫ్లో' అంటారు. మన దగ్గర బేవఫాయీ అనేదే అక్కడ కంపెనీ చేసే వాదా.

ఉడాన్ రూట్లలో కొన్ని సీట్లకు గంట ప్రయాణం 2500 రూపాయలని హద్దు పెట్టి, ఆ లోటు పూడ్చడానికి సర్కారు కంపెనీలకు పైసలిచ్చింది. అవామ్ పైసలు తీసుకునే కంపెనీకి షరతులు పెడితే జుల్మ్ కాదు. టైప్ రేటింగ్ ఖర్చు కంపెనీ భరించాలి. ఆఫర్ లెటర్‌లోనే క్లాసు తేదీ రాయాలి, క్లాసు ఆలస్యమైనా సీనియారిటీ ఆ తేదీ నుంచే లెక్కపెట్టాలి. బాండ్ మొత్తం నెలనెలా తగ్గాలి. పిల్లలే సొంతంగా డబ్బు కట్టిన చోట బాండ్ అన్న మాటే ఎత్తకూడదు. సీనియారిటీ లిస్టు క్రూ రూమ్ గోడ మీద వేలాడాలి, మేనేజర్ సాబ్ అల్మారీలో కాదు.